ఎల్‌ఈడీ డిమ్మర్‌ను రాత్రి రెండింటికి చూడాలె

డిమ్మర్ అంటే లైటు వెలుగును తగ్గించి, పెంచే గోడ మీది నాబు. అది కొనేటోళ్లు దుకాణంల అందరూ ఒకటే చేస్తరు. నాబు మొత్తం తిప్పుతరు, సగానికి తెస్తరు, మళ్లా మొత్తం తిప్పుతరు, బాగనే పనిచేస్తున్నదని సంచిల ఏసుకొని వస్తరు. నేను ఇక్కడ రాసేది దాని అడుగు గురించి. నాబు చివరికి వచ్చినంక, ఇగ ఆరిపోతదేమో అన్నంత సన్నగ లైటు వెలుగుతది చూడండి, ఆ చోట అది నిలకడగ ఉంటదా ఉండదా అన్నదే నా లెక్కల డిమ్మర్ విలువ. మా ఇంట్ల రెండో ఎండాకాలం కూడ దాటింది. ఇప్పటికీ దాని మీద ఇష్టం తగ్గలేదంటే ఆ అడుగు వెలుగు వల్లనే.

మాది నల్లగొండ. అత్తమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి రాత్రిపూట పెద్ద లైటు పడదు. చీకట్ల లేవనియ్యలేము, ట్యూబ్‌లైటు ఏస్తే కండ్లు మూసుకొని గోడ పట్టుకొని నిలబడిపోతది. అదే గదిల మా బిడ్డ పండుకుంటది, ఇంటర్ చదువుతున్నది. జీరో బల్బు పెట్టి చూసినం. దాని వెలుగు బాత్రూం కడప దాక అందదు, పైగ పాత రకంది పదిహేను వాట్ల దాక కాలుస్తది. మాకు కావాల్సింది ఒక్కటే లైటు. రాత్రి తొమ్మిదింటికి బిడ్డ పుస్తకాల ముందట పూర్తిగ వెలగాలె, పండుకున్నంక అత్తమ్మకు కడప కనపడేంత మిగలాలె. గది ఒక్కటే, అవసరాలు రెండు. డిమ్మర్ మా ఇంటికి వచ్చింది అందుకే.

మొదటిది ప్రకాశం బజార్ల తెచ్చిన మామూలు గుండ్రటి నాబు రకం. దానికి డిమ్మబుల్ అని, అంటే వెలుగు తగ్గించుకోవచ్చని, డబ్బా మీద రాసి ఉన్న 9 వాట్ల బల్బు కొన్నం. మామూలు ఎల్‌ఈడీ బల్బు డిమ్మర్‌కు పనికిరాదు, ఈ సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. ఫ్యాన్ రెగ్యులేటర్ పెడితే అయిపోతది గద అని సలహా ఇచ్చేటోళ్లు మాత్రం ఇంకా ఉన్నరు. ఇప్పుడొచ్చే మెట్ల రెగ్యులేటర్‌ల ఉండేవి కెపాసిటర్లు. ఫ్యాన్ మోటారుకు అవి సరిపోతయి, ఎల్‌ఈడీ బల్బు లోపల కరెంటును ఎల్‌ఈడీకి సరిపడేటట్టు మార్చే డ్రైవర్ అనే సర్క్యూట్‌కు సరిపోవు. ఆ పని చెయ్యకండి.

మొదటి వారాలల్ల ఆ నాబు డిమ్మర్‌ను ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చూపించిన. ప్రతి గదికి ఒకటి పెట్టించుకో అని మా చెల్లెకు ఫోన్ల గట్టిగ చెప్పిన. పై సగం నిజంగనే బాగుండేది. సాయంత్రం భోజనాలప్పుడు కొంచెం తగ్గిస్తే గదికి ఒక నిమ్మళం వచ్చేది. కిందికి పోతుంటేనే తంటా. మూడో వంతు దాటినంక బల్బు కొట్టుకునుడు మొదలు. ఇంకొంచెం తిప్పితే టక్కున ఆరిపోతది. నడిమిట్ల ఉంచితే బోర్డుల నుంచి సన్నగ గుయ్యిమని చప్పుడు. పగలు వినపడదు, రాత్రి ఫ్యాన్ ఆపి పండుకునే చలికాలంల అదే చెవుల పడుతది.

దాని కారణం తెలుసుకున్నంకనే నాకు ఏం కొనాల్నో అర్థమైంది. మనకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు సెకండుకు 100 సార్లు సున్నకు వచ్చి పోతది. డిమ్మర్ ప్రతిసారి ఆ అలల కొంత ముక్క కోసి, మిగిలింది బల్బుకు పంపుతది. మా మొదటి నాబు లాంటి పాత రకం డిమ్మర్ ఆ అల మొదటి భాగాన్ని కోస్తది. సున్న కాడ ఆపి, నడిమిట్ల ఒక్కసారిగ తెరుస్తది. అల బాగ ఎత్తుల ఉన్నప్పుడు తెరిస్తే ఆ దెబ్బకు లోపలి కాయిల్ చప్పుడు చేస్తది, అందుకే నాబు సగంల ఉన్నప్పుడు గుయ్యిమనుడు ఎక్కువ. ఇంకోటి, లోపల ఉండే ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి తెరుచుకొని ఉండాలంటే దాంట్ల నుంచి కొంత కరెంటు పారుతనే ఉండాలె. అరవై వాట్ల, నూరు వాట్ల పాత బల్బులున్నప్పుడు ఆ కరెంటుకు కొదువ లేదు. ఆ రకం డిమ్మర్ల డబ్బా మీద కనీస లోడు 40 వాట్లని, 60 వాట్లని రాసి ఉండేది అందుకే. 9 వాట్ల ఎల్‌ఈడీని తీసుకొచ్చి, దాన్ని మళ్లా పదో వంతుకు దింపుతే ట్రయాక్ పట్టు విడుస్తది, మళ్లా పట్టుకుంటది, మళ్లా విడుస్తది. కండ్ల ముందట కొట్టుకునేది అదే.

మన కంటి లెక్క కూడ తెలుసుకోవాలె. మీటరు పెట్టి కొలిస్తే వెలుగు పదో వంతుకు పడిపోయినా, కంటికి ఇంకా మూడో వంతు ఉన్నట్టే అనిపిస్తది. నాబు సగానికి తిప్పినప్పుడు గదిల పెద్ద తేడా తెల్వకపోవడానికి కారణం అదే. పది శాతం దాక తగ్గుతదని చెప్పే డిమ్మర్, బల్బు జోడి హాలుకు సరిపోతది, కండ్ల ఆపరేషన్ అయిన మనిషి పక్కన రాత్రి రెండింటికి అది పెద్ద వెలుగే. అసలు అవసరమంతా ఆ పది శాతం కింద ఉన్నది. బజార్ల దొరికేవి చాలామటుకు చెడిపోయేది కూడ అక్కడనే.

రెండోది మా ఆయన హైదరాబాద్ పోయినప్పుడు కోఠి పక్కన ట్రూప్ బజార్‌ల వెతికి తెచ్చిండు. ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం. ఇది అల చివరి భాగాన్ని కోస్తది. ట్రయాక్ బదులు మాస్‌ఫెట్లు అనే వేరే రకం ఎలక్ట్రానిక్ స్విచ్చిలు ఉంటయి కాబట్టి తక్కువ లోడుకు బెదరదు, కోసే దెబ్బ మెల్లగ ఉంటది, చప్పుడు దాదాపు లేదు. కొన్నింటికి న్యూట్రల్ వైరు కావాలంటరు. మన ఇండ్లల్ల లైట్ల బోర్డులనే ప్లగ్గు కూడ ఉంటది కాబట్టి న్యూట్రల్ అక్కడనే దొరుకుతది, అది పెద్ద అడ్డంకి కాదు.

కాని నా మనసు గెలిచింది ఇవేవీ కావు. నాబు ఊడబీకితే లోపల ఒక చిన్న స్క్రూ ఉన్నది. నాబు పూర్తిగ కిందికి వచ్చినప్పుడు బల్బుకు ఎంత వెలుగు మిగలాల్నో ఆ స్క్రూతోటి మనమే పెట్టుకోవచ్చు.

ఇది ఎందుకంత గొప్ప అంటే, చాల ఎల్‌ఈడీ బల్బులకు ఒక గుణం ఉన్నది. వెలుగుతున్న బల్బును మెల్లగ దింపుతే చాల కిందికి వస్తది. అదే అడుగున ఆపి, స్విచ్చి బంద్ చేసి మళ్లా ఏస్తే వెలగనే వెలగదు. నాబు పైకి తిప్పి లేపి, మళ్లా కిందికి తేవాలె. మనకు అది చిన్న పని. నిద్రల లేచి, చీకట్ల గోడ తడుముకుంటు స్విచ్చి నొక్కిన పెద్ద మనిషికి లైటు రాకపోతే ఎట్ల? ఆ స్క్రూను బల్బు మొదలయ్యే చోటుకు కొంచెం పైన నిలబెడితే, నాబు ఎంత కిందికి తిప్పినా, స్విచ్చి ఎప్పుడు ఏసినా లైటు వస్తది.

ఎలక్ట్రీషియన్ అన్న బిగించే పని పొద్దున్నే అయిపోయింది. "ఇప్పుడే సెట్ చేసి పోతనక్కా" అన్నడు. "వద్దన్నా, అన్నం తిన్నంక రా, లైట్లన్ని ఏసిన యాళ్లకు చెయ్యి" అన్న. పగలు వోల్టేజీ మంచిగ ఉంటది, రాత్రి అందరి ఇండ్లల్ల కూలర్లు, ఏసీలు నడుస్తుంటే పడిపోతది. పగటి వోల్టేజీకి అంచున సెట్ చేస్తే రాత్రి బల్బు లేవదు. ఆయన ఓపికమంతుడు, నిజంగనే రాత్రి వచ్చిండు. గది తలుపు మూసి, స్క్రూ కొంచెం తిప్పుడు, స్విచ్చి బంద్ చేసుడు, కొద్దిసేపు ఆగి మళ్లా ఏసుడు. బల్బు ప్రతిసారి వెలిగే దాక వదలలేదు. ఆ తర్వాత నాబు బిగించి పై నుంచి కిందికి తిప్పితే వెలుగు బావిల చేద దించినట్టు ఎక్కడా జారకుండ దిగింది. అత్తమ్మ మంచం మీద కూసోని చూస్తున్నది. "గిది మంచిగున్నది బిడ్డా, కండ్లల్ల గుచ్చుతలేదు" అన్నది. అప్పటి నుంచి, కింద చెప్పే ఒక్క రాత్రి తప్ప, ఆమె లేచినప్పుడు మమ్ములను లేపలేదు. మా బిడ్డ నిద్ర చెడలేదు. ఈ ఒక్క పనికే నేను ఆ డిమ్మర్‌కు పూర్తి మార్కులు ఏస్త.

ఇగ చెడిపోయిన సంగతి. మే నెల, నడిరాత్రి గాలిదుమారం లేచింది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకున్నది. అడుగున సన్నగ వెలుగుతున్న బల్బు ఒక్కసారి భగ్గుమని మొత్తం వెలిగి, వణుకుడు మొదలుపెట్టింది. అంతకు ముందు నోరెత్తని డిమ్మర్ బోర్డుల బర్రుమని మోగుతున్నది. "ఏందో కాలుతున్నది, లేవుండ్రి" అని అత్తమ్మ ఒర్లుతున్నది. మా ఆయన ఉరికి స్విచ్చి బంద్ చేసిండు. చెయ్యి పెడితే నాబు వెచ్చగున్నది. కాలిన వాసన ఏం లేదు, కాని ఆ రాత్రి ఆ గదిల మళ్లా ఎవ్వరూ సరిగ పండుకోలేదు.

తెల్లారినంక ఎలక్ట్రీషియన్ అన్న బోర్డు విప్పలేదు, నేరుగ ఇన్వర్టర్ కాడికి పోయిండు. "ఇది స్క్వేర్ వేవ్‌ది అక్కా. ఫ్యాన్లు, మామూలు లైట్లు నడిపిస్తది, డిమ్మర్ దీనికి పడదు" అన్నడు. విషయం ఇది. డిమ్మర్ పని మొత్తం కరెంటు అల సున్న కాడికి ఎప్పుడు వచ్చిందో కనిపెట్టుడు మీద నడుస్తది. లైను కరెంటుల అల గుండ్రంగ లేచి గుండ్రంగ దిగుతది. అగ్గువ ఇన్వర్టర్ ఇచ్చేది నిటారుగ లేచి నిటారుగ పడే చతురస్రపు అల. కొన్నింట్ల నడుమ సున్న మీదనే కొంతసేపు ఆగుతది. అప్పుడు డిమ్మర్‌కు ఎక్కడ కొయ్యాల్నో లెక్క తప్పుతది. ఆ నిటారు దెబ్బలు బల్బు డ్రైవర్ మీద కూడ పడుతయి. ఎక్కువసేపు అట్లనే నడిస్తే రెండింట్ల ఏదో ఒకటి పోవచ్చు.

నాకు కోపం వచ్చింది ఇక్కడనే. ఇన్వర్టర్ లేని ఇల్లు మన దిక్కు ఎన్ని ఉన్నయి? డిమ్మర్ డబ్బా మీద వాట్లు, వారంటీ, రంగులు అన్నీ రాస్తరు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపొద్దు అన్న ఒక్క ముక్క పెద్ద అక్షరాలతోటి తెలుగుల రాయొచ్చు గద. అమ్మేటాయన కూడ ఇంట్ల ఏ ఇన్వర్టర్ ఉన్నదని అడగలేదు. మా ఇంట్ల డిమ్మర్ అవసరమే రాత్రిపూటది. రాత్రి కరెంటు పోయినప్పుడే అది భయపెడితే ఎవరికి చెప్పుకోవాలె?

అప్పటికి ఆ లైటును ఇన్వర్టర్ లైను నుంచి తప్పించినం. కరెంటు పోయిన రాత్రులు అత్తమ్మ తల కింద టార్చి పెట్టుకొని పండుకున్నది. తర్వాత ఇన్వర్టర్ బ్యాటరీ ఎట్లనూ అయిపోవచ్చింది, మార్చేటప్పుడు ఇన్వర్టరే ప్యూర్ సైన్ వేవ్‌ది, అంటే లైను కరెంటు లెక్క గుండ్రటి అల ఇచ్చేది, తీసుకున్నం. ధర ఎక్కువ. ఒక్క డిమ్మర్ కోసమైతే అంత పెట్టుమని నేను ఎవరికీ చెప్పను. ఫ్యాన్ల మూలుగుడు కూడ పోయింది కాబట్టి మాకు గిట్టింది. ఇప్పుడు కరెంటు పోతే బల్బు ఒక్క క్షణం రెప్ప కొట్టి, ఉన్న వెలుగుతోటే నిలబడుతది.

కొన్ని చిన్న మాటలు. పాత ఫిలమెంట్ బల్బు తగ్గిస్తే ఎర్రబడేది, సాయంత్రపు వెలుగు లెక్క హాయిగ ఉండేది. ఎల్‌ఈడీ రంగు మారదు, వెలుగు మాత్రమే తగ్గుతది. మన దిక్కు దుకాణాలల్ల ముందుగాల చేతికిచ్చేది 6500 కెల్విన్ తెల్ల బల్బు (కెల్విన్ అంటే వెలుగు రంగు కొలత). దాన్ని అడుగుకు తెస్తే గదంతా బూడిద రంగు పడుతది, మనుషుల ముఖాలు చూడబుద్ధి కాదు. పసుపు వెలుగిచ్చే 2700 లేదా 3000 కెల్విన్‌ది అడిగి తీసుకోండి, లేదంటే తెప్పించుకోండి. తగ్గించినకొద్ది ఎర్రబడే వార్మ్ డిమ్ బల్బులు కూడ వస్తున్నయి, ధర మీద చెయ్యి పెట్టలేము.

కరెంటు బిల్లు తగ్గుతదని మాత్రం కొనకండి. 9 వాట్ల బల్బును రోజుకు ఐదు గంటలు సగానికి నడిపినా నెలకు మిగిలేది ముప్పావు యూనిట్ కూడ కాదు. డిమ్మబుల్ బల్బుకు మామూలు దాని కంటే ఎక్కువ పెట్టిన పైసలు కూడ అట్ల తిరిగిరావు.

ఫోన్‌తోటి తగ్గించుకునే వైఫై బల్బు ఎందుకు కొనలేదని మా చెల్లె అడిగింది. ఈ కాలం పిల్లలున్న ఇంటికి అది మంచిదే కావచ్చు, దానికి గోడ మీద డిమ్మరే అక్కర్లేదు. అత్తమ్మకు ఫోన్ చేతకాదు, గోడ మీది నాబు చేతకైతది. మాకు అదే తీర్పు. ఇంటికి ప్రతి గదికీ పెట్టించుకో అన్న మాట ఆమెకు మళ్లా చెప్పలేదు. హాల్ల, వంటింట్ల మేము నాబు ముట్టుకునేదే తక్కువ, అక్కడ రెండు స్విచ్చిలతోటి రెండు లైట్లు సరిపోతయి. పెద్దోళ్లు గాని, పాలు తాగే పిల్లలు గాని ఉన్న పడక గదికైతే పెట్టించుకోవచ్చు, అదీ ఇంట్ల ఇన్వర్టర్ సైన్ వేవ్‌దైతేనే.

కొనేటప్పుడు డిమ్మర్, బల్బు ఒకే రోజు తీసుకోండి, ఆ జోడి పడకపోతే మారుస్తరా అని బిల్లు రాయకముందే అడగండి. బల్బు ఒకటి అదనంగ కొని పెట్టుకోండి, ఎందుకంటే మోడల్ మారితే స్క్రూ మళ్లా సెట్ చేయాల్సి వస్తది. మాది మార్చాల్సి వస్తే ఎలక్ట్రీషియన్ అన్నను మళ్లా రాత్రి భోజనాలయినంకనే రమ్మంట.