జాగ్రత్త: "క్లీనింగ్" అని చెప్పి స్క్రిప్టు నడిపేముందు ఏమేం తీసేస్తారో లిస్టు చూపించమనండి

వైజాగ్‌లో చిన్న ఆఫీసులు నడుపుకునేవాళ్లు, ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని లెక్కల పని చేసుకునేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మా కంప్యూటర్లు ఇలా చేసిన షాపు పేరు రాయడం లేదు. కంప్లయింట్ పెట్టాను, అది నడుస్తోంది. నాకు కావాల్సింది మీకు ఇలా జరగకపోవడం.

అక్కయ్యపాలెంలో జీఎస్టీ రిటర్నులు, అకౌంట్లు చూసే చిన్న ఆఫీసు నాది. నేను, ఇద్దరు అమ్మాయిలు, మూడు కంప్యూటర్లు. మూడింట్లోనూ విండోస్ 10. నెమ్మదించాయని ద్వారకానగర్‌లో ఒక షాపు వాళ్ల దగ్గర జూన్‌లో ఏడాదికి ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకున్నాను. మూడింటికీ కలిపి 4,500 రూపాయలు, ముందే కట్టేశాను.

జులై 18న పొద్దున్న పదకొండున్నరకి వాళ్ల అబ్బాయి వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో, మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, అక్కర్లేనివి చాలా ఉన్నాయి, తీసేస్తే స్పీడవుతుంది" అని లిస్టు తెరిచి చూపించాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ట్రయల్ ఆఫీస్ ఇంగ్లీషులో ఒకటి, ఫ్రెంచిలో ఒకటి, స్పానిష్‌లో ఒకటి. అవి మాకెందుకు, తీసేయమన్నాను. ఒక్కొక్కటీ నొక్కి తీస్తాడనుకున్నాను. అతను పెన్‌డ్రైవ్ పెట్టి, ఒక బ్యాచ్ ఫైల్‌ని (కమాండులు వరసగా నడిపే స్క్రిప్టు అన్నమాట) డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశాడు. నల్ల కిటికీ తెరుచుకుంది, కొన్ని లైన్లు పోయాయి, కొన్ని నిమిషాలకి మూసుకుపోయింది. "తీసేయమంటారా" అని కంప్యూటర్ ఒక్కసారి కూడా అడగలేదు. మూడింట్లోనూ అదే ఫైలు నడిపి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

భోజనాలయ్యాక మా అమ్మాయి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే "ఎంఎస్‌విసిఆర్100 డిఎల్ఎల్ కనబడలేదు" అని మెసేజ్. అంటే సాఫ్ట్‌వేర్ నడవడానికి కావాల్సిన ఒక ఫైలు లేదని. రెండో దాంట్లో అదే, మూడో దాంట్లో అదే. 20వ తేదీ 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నులకి గడువు. అప్పటికింకా సగం మందివి మిగిలే ఉన్నాయి.

ఫోన్ చేస్తే షాపాయన చూడకుండానే "విండోస్ కరప్ట్ అయింది మేడం, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. అబ్బాయి మళ్లీ వచ్చి, "డేటా అంతా డి డ్రైవ్‌లోనే ఉంది కదా" అని అడిగాడు. ఉందన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. మొదటి కంప్యూటర్‌కి ఫార్మాట్ కొట్టేశాడు. డి డ్రైవ్‌లో ఉన్నది మార్చి 31న మేం తీసుకున్న బ్యాకప్. రోజూ ఎంట్రీలు పడే అసలు డేటాబేస్ సి డ్రైవ్‌లో, యూజర్ ఫోల్డర్ లోపలెక్కడో ఉండేది. పదకొండు మంది క్లయింట్ల ఏప్రిల్, మే, జూన్ లెక్కలు దాంతో పోయాయి.

ఆ రాత్రి మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వాడు రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేస్తాడు. "పిన్నీ, మిగతా రెండూ ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని, అరగంటలో బండేసుకుని వచ్చేశాడు.

వాడు చేసిన మొదటి పని ఈవెంట్ వ్యూయర్ తెరవడం. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే వస్తుంది, అందరి విండోస్‌లోనూ ఉంటుంది. అందులో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ నొక్కి, మూలం దగ్గర ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ అని ఉన్నవి మాత్రమే ఏరాడు. 11 గంటల 42 నిమిషాల నుంచి వరసగా 1034 నంబరు ఎంట్రీలు. 1034 అంటే ఒక ప్రోగ్రామ్‌ని తొలగించినట్టు విండోస్ రాసుకునే రికార్డు. ప్రతిదాంట్లో పేరు, వెర్షన్, తీసేయడం సఫలమైందనడానికి సున్నా. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2010. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 ఎక్స్‌ప్రెస్ లోకల్ డీబీ. కనబడలేదన్న డిఎల్ఎల్ మొదటిదాంట్లోది, మా లెక్కల డేటాబేస్‌ని తెరిచేది రెండోది. మా సాఫ్ట్‌వేర్ నడిచేదే ఈ రెండింటి మీద. అంటే విండోస్ కరప్ట్ కాలేదు. మా ఎదురుగానే, మా సంతకంతోనే, మాకు కావాల్సినవి తీసేశారు.

డెస్క్‌టాప్ మీద ఆ అబ్బాయి వదిలేసిన బ్యాచ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే విషయమంతా ఒకే లైనులో ఉంది. డబ్ల్యుఎంఐసీ అనే కమాండుతో ప్రోగ్రాముల లిస్టు తీసి, పేరు "మైక్రోసాఫ్ట్" అని మొదలయ్యేవన్నీ, తర్వాత ఏమున్నా సరే, అడక్కుండా తీసేయమని. ఆ లైనులో మైక్రోసాఫ్ట్ పక్కన పెట్టిన పర్సెంట్ గుర్తుకి అర్థం ఆ "ఏమున్నా సరే" అనేదే. ట్రయల్ ఆఫీస్ పేరు మైక్రోసాఫ్ట్‌తో మొదలవుతుంది కాబట్టి రాసినవాళ్లకి అంతే తట్టినట్టుంది. విండోస్‌లో ఆ పేరుతో మొదలయ్యేవి ఇంకెన్ని ఉంటాయో ఆలోచించలేదు.

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. తీసేస్తామన్న ట్రయల్ ఆఫీసులు మూడూ అక్కడే ఉన్నాయి. ఆ కమాండుకి కనిపించేవి ఎంఎస్ఐ అనే ఒక పద్ధతిలో ఎక్కించిన ప్రోగ్రాములే. కొత్త ఆఫీస్ క్లిక్ టు రన్ అనే వేరే పద్ధతిలో ఎక్కుతుంది, అది ఆ పేరుతో ఆ లిస్టులోకే రాదు. పైగా ఆ కమాండుతో లిస్టు అడిగితే చాలు, విండోస్ ఎంఎస్ఐ ప్రోగ్రాములన్నింటినీ ఒక్కొక్కటిగా తనిఖీ చేసి, తేడా ఉన్నవాటిని రిపేర్ చేయడం మొదలెడుతుంది. మైక్రోసాఫ్టే ఈ విషయం రాసిపెట్టింది. విండోస్ 10లో 21హెచ్1 వెర్షన్ నుంచే డబ్ల్యుఎంఐసీని పాతబడినవాటి జాబితాలో చేర్చింది కూడా. మన షాపుల్లో మాత్రం ఎప్పటివో ఫైళ్లు పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కి మారుతూనే ఉన్నాయి.

అన్‌ఇన్‌స్టాల్ చేసింది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. సిస్టమ్ రిస్టోర్ ఆన్‌లో ఉంటే వెనక్కి వెళ్లే దారి ఉండేది, మా మూడింట్లోనూ ఆఫ్‌లోనే ఉంది. మీది ఇవాళే చూసుకోండి.

మా వాడు మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆ రెండూ దించి మళ్లీ ఎక్కించాడు. రెండూ ఉచితమే. లోకల్ డీబీని తీసేసినా దాని డేటాబేస్ ఫైళ్లు యూజర్ ఫోల్డర్‌లో అలాగే ఉండిపోతాయట. గంట కూడా పట్టలేదు, రెండు కంప్యూటర్లలోనూ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, లెక్కలన్నీ ఉన్నాయి. మొదటి కంప్యూటర్ వైపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. దానికి కావాల్సింది కూడా ఆ గంట పనే.

పోయిన మూడు నెలల లెక్కలు మా అమ్మాయిలు మళ్లీ ఎక్కించారు. అమ్మకాలు పోర్టల్‌లో ఫైల్ చేసిన రిటర్నుల నుంచి దించుకున్నాం. కొనుగోళ్లకి మాత్రం ఒక్కో బిల్లూ చూసి కొట్టాల్సి వచ్చింది. రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని చేశారు. అయినా నలుగురి 3బీ ఆలస్యమైంది. రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ నేనే కట్టాను. తప్పు క్లయింట్లది కాదు కదా.

అందుకని, క్లీనింగ్ అంటూ ఎవరొచ్చినా ముందు లిస్టు అడగండి. ఏ పేరు, ఏ వెర్షన్ తీసేస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. ట్రయల్ ఆఫీస్ లాంటి నాలుగైదు తీయడానికి స్క్రిప్టు అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి ఒక్కొక్కటీ తీయొచ్చు. కమాండుతోనే చేస్తామంటే విన్‌గెట్ అనే మైక్రోసాఫ్ట్ కమాండు ఉంది. ఒకే పేరుకి రెండు మూడు ప్రోగ్రాములు తగిలితే అది ఆగి, ఏది కావాలో సరిగ్గా చెప్పమంటుంది. విండోస్ 11 వాళ్లకి ఇంకో రకం స్క్రిప్టు వస్తోంది, పవర్‌షెల్ అనే కమాండ్ కిటికీలో ఒక్క లైనుతో యాప్‌లన్నీ ఊడ్చేసేది. దాంతో మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా పోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడం మామూలు వాళ్ల వల్ల కాదు. ఇక మీ సాఫ్ట్‌వేర్ డేటా ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని అడిగి తెలుసుకోండి. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే ఫార్మాట్‌కి ఒప్పుకునేదాన్నే కాదు.

షాపాయన డబ్బులు తిరిగివ్వనన్నాడు. బిల్లు మీద "సర్వీస్ చార్జెస్" అన్న రెండు మాటలే ఉన్నాయి, ఏం చేశారో లేదు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించాను. వ్యాపారం కోసం కొన్న సేవకి వినియోగదారుల చట్టం వర్తించదని కొందరు భయపెట్టారు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొనుక్కున్నవాళ్లకి 2019 చట్టంలో మినహాయింపు ఉంది. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. జరిగిన రెండేళ్లలోపు కేసు వేయాలి. నా దగ్గర బిల్లు, ఆ బ్యాచ్ ఫైలు, ఈవెంట్ వ్యూయర్ ప్రింటు ఉన్నాయి. మీకు ఏదైనా జరిగితే ఫార్మాట్‌కి ముందే ఆ ప్రింటు తీసి పెట్టుకోండి, ఫార్మాట్‌తో అదీ పోతుంది.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఎవరో ఇచ్చిన ఫైలు నడిపాడు. కానీ ఆ రోజు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంటూ, "గాజువాకలో ఇంకో రెండు ఆఫీసులు చేయాలి మేడం" అన్నాడు. ఆ రెండు ఆఫీసులు ఎవరివో నాకు తెలీదు. మీవే అయితే, వాళ్లని ఫార్మాట్ కొట్టనివ్వకండి.