కారు పెట్రోల్ ట్యాంక్ దించకుండా మడ్డి క్లీనింగ్ చేయించా, ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, పని బాగానే జరిగింది, కాకపోతే అడుగున మడ్డి, నీళ్ళు చేరిన ట్యాంకులకే ఇది సరిపోతుంది, లోపల తుప్పు పెచ్చులుగా లేస్తున్న ఇనప ట్యాంక్ అయితే దించాల్సిందే.

నా పెట్రోల్ కారు చాలాకాలం కదలకుండా ఉండిపోయింది, తర్వాత ఎత్తు ఎక్కితే చాలు జర్క్ కొట్టడం, పికప్ పడిపోవడం. మెకానిక్ ఇంజెక్టర్ క్లీనర్ బాటిల్ పోసి పంపించెయ్యలేదు, అక్కడే నాకు నచ్చాడు, ఎందుకంటే అది ఇంజెక్టర్లకి (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే నాజిల్స్) పట్టిన కార్బన్ కోసం, ట్యాంక్ అడుగున కూర్చున్న మట్టినీ నీళ్ళనీ అదేం చెయ్యలేదు.

ముందు ట్యాంక్‌లోంచి ఇంజిన్‌కి పెట్రోల్ పంపే పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా ఉంచి లైన్‌లో ప్రెషర్ దించేశాడు, బ్యాటరీ నెగటివ్ ఊడదీశాడు, వెనక సీటు లేపితే మూత, దాని కింద లాక్ రింగ్‌తో బిగించిన పంప్ (అన్ని కార్లకీ ఈ దారి ఉండదు, ముందే కనుక్కోండి). పంప్ బయటికి తీస్తే దాని అడుగున ఉండే జల్లెడ, అదే స్ట్రైనర్, నల్లగా మూసుకుపోయి ఉంది, అదీ అసలు జబ్బు. అడుగునుంచి లాగింది గాజు సీసాలో పట్టి చూపించాడు, నీళ్ళు కిందా పెట్రోల్ పైనా విడివిడిగా తేలిపోయాయి, నీళ్ళు బరువు కదా. మిగిలిన మడ్డి నూలుపోగులు రాని గుడ్డతో తుడిచి, కాస్త కొత్త పెట్రోల్ పోసి మళ్ళీ లాగాడు, స్ట్రైనర్, ఫిల్టర్ రెండూ మార్చాడు. ఇప్పుడు బండి ఎత్తులో కూడా హాయిగా లాగుతోంది.

లోటు ఏంటంటే ట్యాంక్ లోపల అడ్డు పలకలుంటాయి, వాటి వెనక మూలలకి చెయ్యి వెళ్ళదు, అక్కడ ఎంత మిగిలిందో చెప్పలేం. కారులో పెట్రోల్ వాసన కూడా వెంటనే వదల్లేదు. డీజిల్ బండి వాళ్ళకి ఇంకో మాట, నీళ్ళు చేరితే డీజిల్‌లో బ్యాక్టీరియా పెరిగి నల్ల జిగురు కడుతుంది, తుడవడంతో పాటు దాన్ని చంపే మందు కూడా వెయ్యాలి.

దయచేసి మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో లాగేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది, మోటార్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. పంప్ తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ-రింగ్ (లీకు కాకుండా వేసే రబ్బరు రింగ్) వేస్తున్నారో లేదో దగ్గరుండి చూసుకోండి, పాతది సాగిపోయి ఉంటే ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడు పైనుంచి పెట్రోల్ కారొచ్చు.