ఆ కిట్ కొనే ముందు ఇది చదవండి: స్టవ్ లీకైంది, తప్పు నాదేనన్నారు

నారింజ రంగు సంచిలో ఒకదానిలో ఒకటి దూరే రెండు గిన్నెలు, మడత స్పూను, అరచేతిలో పట్టేంత స్టవ్... ఆ కిట్ మీలో చాలామంది చూసే ఉంటారు. మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్తున్నవాళ్లు దయచేసి దాన్ని కొనకండి. నిన్న రాత్రే తిరిగొచ్చాం, ఇంకా ఒళ్లు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నాను.

కొనే ముందు ఆ సెల్లర్‌కి చాట్‌లో ఒకే ఒక్క ప్రశ్న వేశాను. నాకు క్యాంపింగ్ కొత్త, ఇది నేను వాడగలనా అని. "మేడమ్, ఇది కొత్తవాళ్ల కోసమే చేసింది, కళ్లు మూసుకుని కొనండి" అన్నారు. కొనేశాను. వచ్చాక ఇంట్లో బిగించి కూడా చూడలేదు, నేరుగా బ్యాగులో పెట్టేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

మా ప్లాన్ చాలా సింపుల్. అర లీటరు నీళ్లు మరిగించడం, ఓట్స్ మీద పోసి మూత పెట్టి తువ్వాలు చుట్టి పది నిమిషాలు వదిలేయడం. గిన్నె మాడదు, కడిగే పని తక్కువ, గ్యాసూ తక్కువ ఖర్చవుతుంది. చీకటి పడ్డాక టెంట్‌కి దూరంగా, చదునైన రాయి మీద క్యానిస్టర్ (స్టవ్ కింద ఉండే చిన్న గ్యాస్ డబ్బా) పెట్టి స్టవ్ బిగించాను. బిగించేటప్పుడు క్షణం పాటు చిన్న శబ్దం రావచ్చు, చివరిదాకా తిప్పితే ఆగిపోవాలి. ఇది ఆగలేదు. నాబ్ కట్టేసే ఉంది, అయినా సన్నగా బుస్సుమంటూనే ఉంది. మా తమ్ముడు లైటర్ పట్టుకుని పక్కనే కూర్చుని "అక్కా, అంటించనా?" అన్నాడు. అప్పుడే వాసన తగిలింది. ఆగరా అని అరిచి, వేలితో తడిమితే బిగింపు దగ్గర మంచులా చల్లగా ఉంది. వెంటనే తిప్పి ఊడదీశాను. ఈ క్యానిస్టర్ల వాల్వు స్టవ్ తీయగానే తనంతట తానే మూసుకుంటుంది కాబట్టి బతికిపోయాం. వాడు ఇంకో రెండు సెకన్లు ముందు అంటించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

టార్చి వేసి చూస్తే స్టవ్ లోపలి రబ్బరు వాషర్ ఒకచోట తెగి ఉంది. వెంట్రుకంత గీత. గోరుతో నొక్కితే నోరు తెరుచుకుంటోంది. ఆ రాత్రి ఓట్స్ చన్నీళ్లలో నానబెట్టుకుని తిన్నాం. రుచి సంగతి వదిలేయండి, కడుపైతే నిండింది.

ఇంటికి రాగానే ఆరుబయట మళ్లీ బిగించి, సబ్బునీళ్లు రాసి, బుడగలు వస్తున్న వీడియో తీసి సెల్లర్‌కి పంపాను. ముందు చలి వల్ల గ్యాస్ అలాగే ఉంటుందన్నారు. చలికి మంట తగ్గుతుంది, నిజమే. సున్నా డిగ్రీల దగ్గర ఈ డబ్బాల్లో వాడే బ్యూటేన్ గ్యాస్ సరిగ్గా ఆవిరి కాదు, అందుకే చలి ప్రాంతాలకు ప్రొపేన్ కలిపిన క్యానిస్టర్ తీసుకోమంటారు. కానీ చలికి వాషర్ ఎక్కడైనా తెగుతుందా? అదే అడిగాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఈ ప్రశ్న వచ్చింది: "మేడమ్, మీరు ఇంతకుముందు ఎప్పుడైనా క్యాంపింగ్‌కి వెళ్లారా?" లేదండీ, ఇదే మొదటిసారి, మీకు కొనేటప్పుడే చెప్పాను కదా అన్నాను. "అదే ప్రాబ్లం. కొత్తవాళ్లు బిగించడం రాక పాడు చేసి మా మీద పడతారు. వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అని చాట్ మూసేశారు.

కొత్తదాన్నని చెప్పే కదా నాకు అంటగట్టారు! డబ్బు పోయినదానికంటే నాకు ఈ మాటే గుచ్చుకుంది. నిజం చెప్తున్నాను, ఓ పది నిమిషాలు నేనూ నమ్మేశాను. అడ్డంగా బిగించానేమో, ఎక్కువ తిప్పానేమో అని వీడియో మళ్లీ మళ్లీ చూసుకున్నాను. కొత్తవాళ్లం కదా, ఎవరు ఏమన్నా తప్పు మనదేనేమో అనిపిస్తుంది. అలా నోరు మూసుకున్నవాళ్లు నాకంటే ముందు ఎంతమంది ఉన్నారో.

ఆ కోపంలో గిన్నెలు కూడా చూశాను. పేజీలో టైటానియం, మొత్తం 350 గ్రాములు అని ఉంది. వంటింటి త్రాసు మీద పెడితే 610 చూపించింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే గిన్నెకి టక్కున అతుక్కుంది. టైటానియంకి అయస్కాంతం అంటుకోదండీ. అంటుకోనంత మాత్రాన టైటానియం అని కాదు, అల్యూమినియంకీ, కొన్ని రకాల స్టీలుకీ అంటుకోదు. అంటుకుంటే మాత్రం కచ్చితంగా కాదు. ఇంత బరువు మోసుకుంటూ గుట్ట ఎక్కాను, తేలికైన కిట్ అనుకుంటూ.

మీరు ఏ స్టవ్ కొన్నా ముందు ఇంటి బయట బిగించి సబ్బునీళ్లతో చూడండి, ఒకసారి నీళ్లు మరిగించండి, గ్యాస్‌కి పనికొచ్చే వాషర్ ఇంకొకటి దగ్గర పెట్టుకోండి. టెంట్ లోపల ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. గిన్నెకి మామూలు అల్యూమినియం చాలు, వేడి సమంగా పాకుతుంది, అడుగంటడం తక్కువ.

వాషర్ తీయకుండా స్టవ్ అలాగే దాచి ఉంచాను, కంప్లైంట్ పెట్టాను. ఇందాకే ఆ పేజీ మళ్లీ తెరిచి చూశాను. "కొత్తవాళ్లకు బెస్ట్" అని ఇప్పటికీ అలాగే ఉంది.