ఫిలడెల్ఫియాలో 1776 జూన్‌ను వెతుక్కుంటూ

ఫిలడెల్ఫియా వెళ్లినవాళ్లు చాలామంది లిబర్టీ బెల్ దగ్గర ఫొటో దిగి, ఇండిపెండెన్స్ హాల్‌ను ఓ చుట్టు చుట్టి వచ్చేస్తారు. నాకు మాత్రం 1776 జూలై 4న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందక ముందు ఆ నాలుగు వారాలూ, ఈ హాల్‌లో కూర్చున్న కాంగ్రెస్ (బ్రిటిష్ కాలనీల ఉమ్మడి సభ) ప్రతినిధులు పొద్దుటి నుంచి ఏం పని చేశారో తెలుసుకోవాలని ఉండేది.

హాల్ టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ప్రవేశం ఉచితమే, రిజర్వేషన్‌కి 1 డాలర్. సెక్యూరిటీ లైను ఉంటుంది, టికెట్ మీది సమయం కంటే ముందే చేరుకోవడం మంచిది.

కాంగ్రెస్ కూర్చున్న అసెంబ్లీ గదిలో ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్లలు, వాటి మీద ఈక కలాలు, కాగితాలు. సామాను చాలావరకు ఆ కాలానిదే గానీ ఆ గదిది కాదు. అయినా అక్కడ నిలబడితే పని బరువు తెలుస్తుంది. జూన్ 7న వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ స్వాతంత్ర్య తీర్మానం పెట్టారు. కొన్ని కాలనీలు ఇంకా సిద్ధంగా లేకపోవడంతో 10న చర్చను జూలై 1కి వాయిదా వేశారు. ఈ మధ్యలో ఎవరూ ఊరికే కూర్చోలేదు. ప్రకటన రాయడానికి ఐదుగురి కమిటీ, కాలనీలను ఒకటిగా కలిపే సమాఖ్య నిబంధనలకు ఒకటి, విదేశీ ఒప్పందాలకు ఇంకొకటి వేశారు. మసాచుసెట్స్ ప్రతినిధి జాన్ ఆడమ్స్ నెత్తిన ప్రకటన, ఒప్పందాల కమిటీలకు తోడు, సైన్యం వ్యవహారాలు చూసే యుద్ధ బోర్డు అధ్యక్షత కూడా పడింది. కెనడా మీదికి వెళ్లిన అమెరికన్ సైన్యం మశూచితో, ఓటమితో వెనక్కి వస్తోంది. ఆ కబుర్లన్నీ ఈ బల్లల మీదికే వచ్చాయి.

టూర్ అరగంట కూడా ఉండదు, నాకు చాలలేదు. ఆ కొరత పక్కనున్న వెస్ట్ వింగ్ తీర్చింది: ప్రకటన మీద సంతకాలకు వాడారని చెప్పే వెండి సిరాబుడ్డి అక్కడుంది. దాన్ని వదలకండి.

ఏడో వీధి, మార్కెట్ వీధి మూలన ఐదుగురి కమిటీలో ఒకరైన థామస్ జెఫర్సన్ అద్దెకున్న ఇల్లు ఉంది. మేడ మీది రెండు గదుల్లో ఆయన ప్రకటన ముసాయిదా రాశారు. అసలు ఇల్లు 1883లో కూల్చేశారు, ఇప్పుడున్నది 1975లో తిరిగి కట్టింది. అన్ని వేళలా తెరిచి ఉండదు కాబట్టి వెళ్లే ముందు కనుక్కోండి.

బస ఓల్డ్ సిటీలోనే చూసుకోండి, అన్నీ నడిచే దూరం. మేం దిగిన హోటల్లో చెప్పిన వేళకు గది ఇవ్వక రెండు గంటలు లాబీలో కూర్చోబెట్టారు, ఆ రోజు, 1774లో తొలి కాంగ్రెస్ కూర్చున్న కార్పెంటర్స్ హాల్ చూడలేకపోయాం. ఆ బాధ ఇంకా ఉంది.

ప్రకటన ఆమోదం పొందిన జూలై 4 నాటి కాంగ్రెస్ చిట్టాలో ఇంకో తీర్మానం కూడా ఉంది: తుపాకులకు చెకుముకిరాళ్లు తయారు చేయడానికి యుద్ధ బోర్డు మనుషులను పెట్టుకోవచ్చని.