అమ్మ జీవితం పదహారు పేజీల్లో: హన్మకొండలో జ్ఞాపకార్థ పుస్తకం ప్రింటింగ్ సర్వీసు రివ్యూ

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ప్రెస్సుల్లో పెళ్లి కార్డులతో పాటు క్రైస్తవ కుటుంబాలకు చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థ పుస్తకాలూ వేస్తారు. వాటిలో డీటీపీ (కంప్యూటర్లో టైపింగ్, పేజీల అమరిక), డిజైన్, ప్రింటింగ్, పిన్నింగ్ అన్నీ ఒకే చోట చేసిచ్చే ఒక ప్రెస్సు గురించి ఈ రివ్యూ. అచ్చు పనికి అయిదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. జీవిత చరిత్ర మ్యాటర్‌కు రెండు కూడా ఎక్కువే. మ్యాటర్ మీరే రాసి పట్టుకెళ్తే పుస్తకం చాలా బాగా వస్తుంది. వాళ్ల మీద వదిలేస్తే పేరు, ఫొటో తప్ప అందులో మీ అమ్మ కనిపించదు.

ముందు సైజు, పేపరు. ఎ4 షీటును మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి కాబట్టి పుస్తకం ఎప్పుడూ నాలుగు లెక్కనే ఉండాలి: 12, 16, 20. పద్నాలుగు పేజీల మ్యాటర్ ఇస్తే మిగిలిన రెండు పేజీల్లో గులాబీ పూల బొమ్మలు పెట్టేస్తారు. పదహారు పేజీలు చాలు. లోపలి పేజీలకు 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లిథో అనే మెరుపు లేని కాగితం అడగండి. ఆర్ట్ పేపరు మెరుస్తుంది, లైటు కింద పెద్దవాళ్లు చదవలేరు. అది మధ్యలోని ఫొటో పేజీలకు మాత్రం, అదీ 130 జీఎస్ఎం. కవరు 300 జీఎస్ఎం, మ్యాట్ లామినేషన్. అక్షరం సైజు 14 పాయింట్లకు తగ్గనివ్వకండి. ఈ పుస్తకాన్ని ఎక్కువగా చదివేది అమ్మ ఈడు స్త్రీలే. వందా రెండొందల కాపీలకు డిజిటల్ ప్రింట్ గిట్టుబాటు అవుతుంది, వెయ్యి దాకా కావాలంటే ఆఫ్‌సెట్ అడగాలి.

ఇక మ్యాటర్. డీటీపీ ఆపరేటర్ దగ్గర ఒక రెడీ ఫైలు ఉంటుంది: ‘ప్రేమమూర్తి, దయామయి, ప్రార్థనాపరురాలు, క్రమశిక్షణకు మారుపేరు.’ ఏ అమ్మకైనా ఇదే. అందులోనే దశదినకర్మ కార్డుల నుంచి వచ్చిన ‘పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని’ అనే వాక్యమూ ఉంటుంది. దాన్ని తీసేయించి ‘ప్రభువునందు నిద్రించిరి’ అని పెట్టించాలి. బైబిల్లో తబిత అనే శిష్యురాలు చనిపోయినప్పుడు యొప్పే ఊరిలోని విధవరాండ్రు అపొస్తలుడైన పేతురు ముందు ఆమెను పొగుడుతూ కూర్చోలేదు. ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు తెచ్చి చూపించారు (అపొ. కార్యములు 9:39). పుస్తకంలోనూ అదే చేయాలి. ‘దానశీలి’ అని రాసే బదులు పిడికెడు బియ్యం సంగతి రాయండి. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి, చర్చికి ఇవ్వడానికి ఇంట్లో పెట్టుకున్న డబ్బాలో వేయడం మన సంఘాల్లో స్త్రీలు పెట్టుకున్న క్రమం. పిడికెడంటే నలభై, యాభై గ్రాములు. పూటకొకటి చొప్పున రెండు పూటలా తీస్తే నెలకు మూడు కిలోల దాకా అవుతుంది. ఆ డబ్బా దేనిది, ఎక్కడ పెట్టేది, నెలాఖరుకు ఎవరు తీసుకెళ్లేవారు, ఇంట్లో బియ్యం లేని నెలలో ఏం చేసింది అన్నవి నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు, ఆ పేజీలో ఆమె కనిపిస్తుంది. శుక్రవారం ఉపవాస కూడికకు ఎవరెవరి ఇళ్లకు వెళ్లేది, ఆదివారం బడిలో ఎవరికి వాక్యాలు కంఠతా పట్టించింది, ఏ కోడలి కాన్పుకు ఎక్కడ ఉండి చేసింది అన్నవీ ఇలాగే రాయండి.

ఎక్కువ తప్పులు దొర్లేది తేదీల్లో. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది చాలాసార్లు అసలు పుట్టినరోజు కాదు. సంవత్సరం ఒక్కటే చెప్పినవాళ్లకు అలా పడుతుంది. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కథోలిక కుటుంబాల్లో శిశువుగా ఉండగానే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి గుడి రిజిస్టరు చూస్తే పుట్టిన కాలం దగ్గరగా తెలుస్తుంది. బాప్టిస్టుల్లో ఎదిగి విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు, అక్కడ ఆ తేదీతో వయసు లెక్క కట్టకండి. సంఘం పేరూ చూసుకోవాలి. సీఎస్ఐ ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. 1944లో బాప్తిస్మం పొందిన అమ్మకు ‘సీఎస్ఐ చర్చిలో’ అని వేస్తే తప్పు, అప్పటి మిషన్ పేరు రాయాలి. సీఎస్ఐలో కరీంనగర్ డయోసీస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) 1978లో వచ్చింది, వరంగల్ కథోలిక మేత్రాసనం (అదీ డయోసీసే) 1952లో. అంతకు ముందటి సంగతులకు ఆ పేర్లు పెట్టకూడదు. ఊరి విషయంలోనూ ఇంతే. ములుగులో పుట్టిన అమ్మది అప్పుడు వరంగల్ జిల్లా. 2016లో ఆ ఊరు భూపాలపల్లి జిల్లాలోకి పోయింది, 2019లో ములుగే జిల్లా అయింది. ‘నాటి వరంగల్ జిల్లా, ములుగు తాలూకా’ అని రాస్తే గొడవ ఉండదు.

వంశవృక్షం పేజీకి ప్రతి ఒక్కరి బాప్తిస్మపు పేరు, వాడుక పేరు రెండూ ఇవ్వండి. పసితనంలో పోయిన బిడ్డల పేర్లు వదలకండి. కన్నతల్లి లెక్కలో వాళ్లూ ఉంటారు.

వాక్యాలను ఆపరేటర్ జ్ఞాపకం మీద టైప్ చేయనివ్వొద్దు. ‘గుణవతియైన భార్య దొరుకుట అరుదు’ అన్నది సామెతలు 31:10. ‘అందము మోసకరము’ అన్నది 30వ వచనం. ఈ రెండింటికీ నంబర్లు తారుమారు అవుతుంటాయి. మనవలూ మనవరాళ్లూ ఉన్న అమ్మకు 2 తిమోతి 1:5 ఇంకా బాగా అమరుతుంది. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని అక్కడ పేర్లతో సహా ఉంది. కథోలికుల బైబిల్లో మాటలు వేరుగా ఉంటాయి, మీ గుడిలో చదివే బైబిల్ చూసే కాపీ చేయండి. గుడిలో పాడే పాటల పుస్తకంలో కీర్తనల నంబర్లు ముద్రణను బట్టి మారతాయి కాబట్టి పాట మొదటి పాదమూ వేయించండి.

ఫొటోల పని వీళ్లు శ్రద్ధగానే చేస్తారు, కాకపోతే అతిగా చేస్తారు. ముడతలు తీసేసి ముఖం నున్నగా చేస్తే ఎనభై ఏళ్ల అమ్మ నలభై ఏళ్ల పరాయి మనిషిలా తేలుతుంది. ‘గీతలు, మరకలు మాత్రమే తీయండి’ అని కాగితం మీద రాసివ్వండి. పాత స్టూడియో ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించాలి. ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగితే ముఖం పొర అద్దంతోనే వచ్చేస్తుంది. అద్దంతోనే ఉంచి, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి తీయించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రూఫు (అచ్చుకు ముందు తప్పులు చూసుకునే కాపీ) విషయంలో వీళ్లతో జాగ్రత్త. టైపింగ్ అంతా ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో, అవి యూనికోడ్ కావు. మీరు ఫోన్లో యూనికోడ్‌లో పంపిన మ్యాటర్‌ను మార్చేటప్పుడు వత్తులు, సున్నలు ఎగిరిపోతాయి. క్రీస్తు, కృప, ఆశీర్వాదం, సాక్ష్యం అనే మాటలను ప్రతి పేజీలోనూ వేలు పెట్టి చూడాలి. స్క్రీన్ మీద కాదు, కాగితం ప్రూఫే అడగండి. ఇద్దరు చదవాలి, అందులో ఒకరు కుటుంబం బయటివాళ్లయితే మంచిది. సంతకం పెట్టాక వచ్చే తప్పుకు ప్రెస్సు బాధ్యత తీసుకోదు, ఆ మాట బిల్లు మీదే ఉంటుంది.

భూస్థాపన తర్వాత వారంలోపు కూడిక పెట్టుకుంటే ఈ పుస్తకం వద్దు, నాలుగు పేజీల ఆరాధన క్రమం వేయించండి, అది మరుసటి రోజుకే ఇస్తారు. పుస్తకాన్ని ఏడాది కూడికకు పెట్టుకుంటే రిజిస్టర్లు చూడటానికి, అమ్మ తోటివాళ్లను అడగటానికి సమయం దొరుకుతుంది. డెలివరీ తీసుకునేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే కలిపేసిన) పీడీఎఫ్ కూడా అడిగి తీసుకోండి. రెండు కాపీలు పాస్టర్ గారికిచ్చి గుడి బీరువాలో రిజిస్టర్ల పక్కన పెట్టించండి.