ఏతం కనిపించిన ఆట: అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌తో ఏడేళ్లు

అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్ అనే వీడియో గేమ్‌ను నేను మూడుసార్లు ఆడాను. మొదటిసారి 2018 వేసవిలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. రెండోసారి 2022లో. మూడోసారి 2025 సంక్రాంతికి మొదలుపెట్టి శ్రావణమాసం దాకా, వారానికి రెండు మూడు రాత్రులు. అన్నీ కలిపి నూట నలభై గంటలు దాటాయని ప్లేస్టేషన్ లెక్క చెబుతోంది. మొదటి తొంభై గంటలూ నేను ఈ ఆటను ఎంత తప్పుగా ఆడానో చివరి యాభై గంటల్లో తెలిసింది.

ఆట విడుదలైంది 2017 అక్టోబరు 27న. అసాసిన్స్ క్రీడ్ పేరుతో ఏటా ఒకటి చొప్పున వస్తున్న ఆటలతో జనం విసుగెత్తిపోయారని తయారీ సంస్థ యూబిసాఫ్ట్ గ్రహించి, 2016లో ఆ వరుసలో పెద్ద ఆట ఏదీ తేకుండా ఒక ఏడాది ఆగి, తీరికగా తెచ్చిన ఆట ఇది. కాలం క్రీ.పూ. 49. స్థలం ఈజిప్టు. పదమూడో టాలమీ గద్దె మీద ఉన్నాడు, అతని అక్క క్లియోపాత్రా పదవి పోగొట్టుకుని అజ్ఞాతంలో ఉంది. కథానాయకుడు బాయెక్ పడమటి ఎడారిలోని సీవా ఒయాసిస్సువాడు. రాజుల తరఫున జనాన్ని కాపాడే మెజాయ్. నిజానికి ఆ కొలువు బాయెక్ కాలానికి వెయ్యేళ్ల ముందే చరిత్రలోంచి మాయమైంది. ఆట రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే అతన్ని చివరి మెజాయ్ అన్నారు. పనిలేని పాత పదవిని పట్టుకుని, ఎవరు పిలిచినా పరుగెత్తే మనిషిగా అతన్ని మలచడం వాళ్లు చేసిన తెలివైన పని. ముసుగులు తొడుక్కున్న కొందరు అతని కొడుకు ఖేమును బలితీసుకున్నారు. బాయెక్, అతని భార్య ఆయా వాళ్లను ఒక్కొక్కరినీ వెతికి చంపుతూ పోతారు. ఎనిమిదేళ్లు దాటిన ఆట కాబట్టి కథ గుట్టు విప్పుతున్నందుకు ఎవరూ కోప్పడరని అనుకుంటున్నాను.

మొదటిసారి నేను ఆ కథ వెంట పరుగెత్తాను. పరుగెత్తనివ్వకపోవడమే ఈ ఆటలో అప్పుడూ ఇప్పుడూ నాకు నచ్చని విషయం. ప్రతి ఊరికీ ఒక స్థాయి సంఖ్య ఉంటుంది. మన సంఖ్య తక్కువైతే కాపలావాడి తల మీద పుర్రె గుర్తు కనిపిస్తుంది. చీకట్లో వెనకనుంచి వెళ్లి గొంతులో కత్తి దించినా వాడు చావడు, తిరిగి మనల్నే ఒక్క దెబ్బకు పడగొడతాడు. కొడుకును పోగొట్టుకుని పగతో రగిలిపోతున్న తండ్రి, స్థాయి చాలలేదని పక్క ఊళ్లో పోయిన మేకలు వెతుక్కుంటూ తిరగాలి. తోలు కోసం హైనాలను వేటాడాలి. ఆ మధ్యలో ఒంటెను వెంటేసుకుని తిరిగే రెడా అనే వ్యాపారి కుర్రాడు ఎదురవుతాడు. మూడు వేల డ్రాక్మాలు ఇస్తే ఒక పెట్టె ఇస్తాడు, అందులో ఏముందో తెరిస్తేగానీ తెలియదు. లాటరీ టికెట్టులాంటి ఆ పెట్టె మీద 2018లో నేను ఎంత ఆట సొమ్ము తగలేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రెండోసారి ఆడటానికి కారణం ఒక్కటే. 2022 జూన్‌లో కొత్త తరం యంత్రాలకు ఆటను సెకనుకు 60 ఫ్రేములతో నడిపే మార్పు వచ్చింది. అంతకు ముందు ముప్ఫై. చెబితే చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ గుర్రం మీద ఖర్జూరపు తోటల్లోంచి దూసుకుపోతున్నప్పుడు ఆకుల నీడలు మొదటిసారి అలుక్కుపోకుండా, విడివిడిగా కనిపించాయి. పోరాటం కూడా హాయిగా మారింది. అయినా ముప్ఫై గంటల తరువాత మళ్లీ అదే విసుగు, అదే స్థాయిల గోడ. మెంఫిస్‌లో వదిలేశాను.

మూడోసారి ఆడింది నేనొక్కడినే కాదు, మా నాన్న కూడా.

మా ఊరు గుత్తికి దగ్గర. నాన్న సేద్యం మానేసి నాలుగేళ్లయింది. సంక్రాంతి తరువాత కంటి ఆపరేషన్ కోసం వచ్చి మా ఇంట్లో నెలన్నర ఉన్నాడు. రాత్రి అన్నాలయ్యాక నేను ఆట పెడితే సోఫాలో కూర్చుని చూసేవాడు. చంపుకోవడాలు వస్తే విసుక్కుని పక్కకు తిరిగేవాడు. ఒక రాత్రి నైలు ఒడ్డున పొలాల మధ్య నడుస్తుంటే ఉన్నట్టుండి ముందుకు వంగి, “ఒరే, అది ఏతం కదా!” అన్నాడు.

నిజంగానే ఏతం. నిలువు స్తంభాల మధ్య అడ్డంగా ఒక దూలం, ముందు కొసకు తాడు, తాడుకు బొక్కెన. రైతు దాన్ని కాలువలోకి వంచి, నింపి, పైకి వదిలి, మడిలో గుమ్మరిస్తున్నాడు. తొంభై గంటల ఆటలో అలాంటి ఏతాల పక్కనుంచి ఎన్ని వందలసార్లు గుర్రం తోలానో! ఒక్కసారీ అది నా కంట పడలేదు.

“దాన్ని ఎవరు తొక్కుతున్నారు?” అని అడిగాడు నాన్న.

“తొక్కేవాళ్లు లేరు నాన్నా. వెనక కొసకు బరువు కట్టారు, చూడు.”

కాసేపు చూశాడు. “మట్టి ముద్ద కట్టారు. మనవాళ్లు ఆ బరువుకు బదులు మనిషినే ఎక్కించారు” అన్నాడు. మా ప్రాంతంలో బావికి ఎద్దులు లాగే కపిల, వంక పక్కన ఏతం ఉండేవట. ఏతం మాను మీద ఒకడు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే కింద ఇంకొకడు నీళ్లు పారబోసేవాడు. బొక్కెనల లెక్క తప్పకుండా పాట పాడుకునేవాళ్లు. ఆ పాటలో రెండు చరణాలు నాన్నకు ఇంకా గుర్తున్నాయి. పాడాడు కూడా. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ పాట ఉందని నాకు తెలియడానికి ఈజిప్టు పోవలసి వచ్చింది.

అప్పటినుంచి ఆట ఆడే తీరు మారిపోయింది. తెర మీది సూచనలన్నీ సెట్టింగుల్లో ఆపేశాను, కష్టాన్ని అన్నిటికన్నా తక్కువకు దించాను, గుర్రం దిగాను. నడిస్తే ఈ ఆట వేరే ఆట. నూర్పిడి కళ్లాలు, పావురాలు పెంచే మట్టి గోపురాలు, ఆరబెట్టిన చేపలు, ఇటుకలు అచ్చు పోసేవాళ్లు, మొసళ్లకు భయపడుతూ నారబట్టలు ఉతికే ఆడవాళ్లు. మధ్యాహ్నం అందరూ నీడకు చేరతారు, పొద్దు వాలితే ఇళ్లకు మళ్లుతారు. మనం ఏమీ చేయకపోయినా వాళ్ల పని వాళ్లు చేసుకుంటూనే ఉంటారు. ఎడారి లోతట్టుకు పోతే ఎండ దెబ్బకు బాయెక్‌కు లేనివి కనిపిస్తాయి, ఆకాశంనుంచి పురుగులు రాలతాయి. ఏ పనీ అక్కడికి పంపదు. పోయినవాడికే కనిపిస్తుంది.

పోరాటం లేకుండా ఈ నేలంతా తిరగడానికి డిస్కవరీ టూర్ అనే విడి భాగం ఉంది. 2018 ఫిబ్రవరి 20న వచ్చింది, ఆట ఉన్నవాళ్లకు ఉచితం. డెబ్బై అయిదు నడక దారులు. ఒక్కో దారిలో ఆగే చోట్లు ఉంటాయి, ఒక్కో చోట వ్యాఖ్యానం వినిపిస్తుంది. రొట్టె చేయడం, బీరు కాచడం, శవాన్ని మమ్మీ చేయడం, అలెగ్జాండ్రియా దీపస్తంభం, టాలమీల పాలన. అప్పట్లో దాన్ని పిల్లల పాఠం అనుకుని తెరవనేలేదు. ఇప్పుడు ముప్ఫై దాకా చూశాను. నాకు నచ్చింది వాళ్ల నిజాయితీ. బడిలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కూర్చున్నట్టు చూపించి, ఆ కాలంలో ఇలా ఉండేది కాదు, ఆట కోసం మేమే ఇలా పెట్టాం అని అక్కడే చెప్పేస్తారు. అదే నోటితో, నగ్న విగ్రహాల మీద గవ్వలు అతికించడం మాత్రం నవ్వు తెప్పించింది. రెండు వేల ఏళ్ల నాటి రాతికి ఇప్పుడు లజ్జ నేర్పారు.

పిరమిడ్డు సంగతి విడిగా చెప్పాలి. గీజా పెద్ద పిరమిడ్డు లోపల ఈ ఆటలో కొన్ని గదులు, ఇరుకు దారులు ఉన్నాయి. ఇవాళ పర్యాటకులు వెళ్లే దారుల్లో అవి లేవు. జాన్ పియెర్ హుడాన్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి ఊహించిన నిర్మాణాన్ని తీసుకుని వాటిని కట్టారు. ఆట విడుదలైన ఆరు రోజులకు, 2017 నవంబరు 2న, విశ్వ కిరణాలనుంచి పుట్టే మ్యువాన్ కణాలతో పిరమిడ్డును పరీక్షించిన శాస్త్రవేత్తలు, లోపలి మహా నడవా పైన కనీసం ముప్ఫై మీటర్ల పొడవైన ఖాళీ ఉందని ప్రకటించారు. దానివల్ల హుడాన్ మాట రుజువైపోలేదు. ఆ ఖాళీ ఎందుకుందన్నది వేరే ప్రశ్న. అయినా ఆ వార్త గుర్తు పెట్టుకుని, కాగడా పట్టుకుని ఆ ఇరుకులో పాకుతుంటే కలిగే గగుర్పాటు ఆట రాసినవాళ్లు కూడా ముందు ఊహించి ఉండరు.

ఇక మాకు మాత్రమే పట్టే ముచ్చట ఒకటి. గుత్తినుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి గుండ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. మమ్మల్ని బడి నుంచి తీసుకెళ్లారు. మాకు గుర్తున్నదల్లా పులిహోర పొట్లాలు. ఆ పదమూడో శాసనంలో అశోకుడు పడమటి యవన రాజులు అయిదుగురి పేర్లు చెబుతాడు. వాళ్లలో తులమయ అంటే ఈజిప్టును ఏలిన రెండో టాలమీ, మగ అంటే సైరీన్ రాజు మాగస్. అదే శాసనంలో ఆంధ్రుల పేరూ ఉంది. ఈ ఆటలో నేను ఎదిరించే పదమూడో టాలమీ ఆ తులమయ వంశంవాడే. పటంలో పడమటి కొసన పచ్చని కొండల మీద కనిపించే సైరీన్ ఆ మాగస్ ఏలిన పట్నమే. ఈ మాట చెబితే నాన్న, “అయితే మన గుండు మీద రాసినవాళ్ల మనవలన్నమాట” అన్నాడు. రెండు వందల ఏళ్ల ఎడం ఉందని నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను.

కథ విషయానికి వస్తే, ఫయ్యూమ్‌లో షాద్యా అనే చిన్నపిల్ల ఉదంతం ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. బాయెక్‌కు గొంతు ఇచ్చిన అబూబకర్ సలీం ఆ ఘట్టంలో అరవడు, గొంతు తగ్గిస్తాడు. అతను పిల్లలతో మాట్లాడే తీరు, ముసలివాళ్లతో వేసే పరాచికాలు, తాగి వాగే వాగుడు, ఇవన్నీ ఈ వరుసలో మరే నాయకుడికీ లేని వెచ్చదనాన్ని ఇచ్చాయి. క్లియోపాత్రా, సీజరు వచ్చాక మాత్రం కథ ఊపిరి పోగొట్టుకుంటుంది. తివాచీ చుట్టలోంచి బయటపడే రాణి దృశ్యం ఇక్కడా ఉంది. ప్లూటార్క్ చెప్పింది పక్కబట్టల మూట గురించి, తివాచీ తరువాత వచ్చి చేరింది. చివరి మూడు గంటలు ఎవరో తరుముతున్నట్టు పోతాయి. సీజరు హత్య దగ్గరికి వచ్చేసరికి నేను పాప్‌కార్న్ వేయించుకోవడానికి లేచాను. ఆయా ఓడల మీద చేసే యుద్ధాలు చూడటానికి బాగుంటాయి, ఆడటానికి ఏమీ లేదు. మన కాలంలో జరిగే, లైలా అనే పరిశోధకురాలి భాగం గురించి ఒక్క వాక్యం కూడా ఎక్కువే.

కొత్తగా కొనేవాళ్లకు నా మాట: రాయితీల రోజుల్లో కొనండి, విడుదలనాటి ధర పెట్టవలసిన అవసరం లేదు. రెడా పెట్టె ముట్టుకోవద్దు. పుర్రె గుర్తు కనిపిస్తే తిరిగి రావడం పరువు తక్కువ కాదు. సీవానుంచి అలెగ్జాండ్రియా దాకా మొదటి పది గంటలు దారి తప్పకుండా ఆడి, ఆ తరువాత కథను పక్కన పెట్టి ఫయ్యూమ్ దిక్కుగా నడవండి.

నాకింకా మిగిలిన పని ఒకటుంది. పటం నిండా అక్కడక్కడా పాత రాతి వలయాలు పన్నెండు ఉన్నాయి. రాత్రిపూట అక్కడ కూర్చుని ఆకాశంలోని చుక్కలను బొమ్మతో సరిపోల్చాలి. సరిపోలితే, ఒకప్పుడు కొడుకుకు ఆ చుక్కల కథలు చెప్పిన సంగతి బాయెక్‌కు గుర్తొస్తుంది. మొదటిసారి, వీటితో స్థాయి పెద్దగా పెరగదని తెలిసి ఒక్కటీ చేయలేదు. ఇప్పుడు తొమ్మిది అయ్యాయి, అందులో నాలుగు నాన్న కుదిర్చినవే. కట్టు విప్పిన కంటితో నాకన్నా ముందే ఆకారం పట్టేవాడు. తెల్లవారకముందు మడికి నీళ్లు కట్టడానికి పోతూ గొల్లకావడి చుక్కలను బట్టి పొద్దు లెక్కగట్టిన మనిషి కదా. ఆట ఆకాశంలో ఆ గొల్లకావడి ఎక్కడుందో చూపించమన్నాడు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. మిగతా మూడు వలయాలు ఆయన దసరాకు వచ్చేదాకా ఆపాను. అప్పటికీ దొరకకపోతే ఆటకు పదికి ఎనిమిది కాదు, ఏడు వేయమన్నాడు.