పాత టాటా 207, బొలెరో పికప్ ఉన్నోళ్లు జాగ్రత్త: చార్జింగ్ ప్రాబ్లం అనగానే బ్యాటరీ, డైనమో అంటగడుతున్నారు

పాత డీజిల్ పికప్ నడుపుకునే అన్నలందరికీ చెప్తున్నా, పొద్దున్నే సెల్ఫ్ కొట్టకపోతే "బ్యాటరీ పోయింది మార్చేయండి" అని మీటర్ కూడా పెట్టకుండా చెప్పే షాపులో ఒక్క రూపాయి ఇవ్వకండి. మా బాబాయి దగ్గర బ్యాటరీకి 7,500, బండి నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమోకి 6,800 లాగేశారు. తీరా చూస్తే పోయింది ఒక లగ్గు. కేబుల్ చివర బోల్టుకి తగిలించే రాగి లగ్గు, అంతే.

బండి 2007 మోడల్ టాటా 207 డీఐ. మిర్చి సీజన్లో నరసరావుపేట వైపు నుంచి గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకొని ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుద్ది. పగలు తిరిగినంతసేపు ఏ గొడవా లేదు, రాత్రి హెడ్‌లైట్లు వేసుకొని వెళ్లి యార్డు బయట లైన్లో ఆపాడంటే మాత్రం మళ్లీ స్టార్ట్ అవ్వదు, టక్ టక్ మని ఊరుకుంటది, లోడు బండి కదా, పక్క లారీవాళ్లని బతిమాలి జంపర్ వేయించుకోవడమే. ఇంకోటి, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు బండి నడుస్తుంటే పూర్తిగా ఆరిపోవాలి కదా, అది రాత్రిపూట సన్నగా, నిప్పుకణంలాగా వెలుగుతూనే ఉండేది. పగలు అసలు కనపడదు. హైవే మీద షాపువాడికి బాబాయి ఈ ముక్క కూడా చెప్పాడు. "పాత బండి బాబాయ్, అదంతా పట్టించుకోవద్దు" అన్నాడంట. అసలు గుట్టంతా ఆ లైటులోనే ఉంది, తర్వాత చెప్తా.

ముందు బ్యాటరీ మార్చాడు. బిల్లు అడిగితే తర్వాత ఇస్తానన్నాడు, పాత బ్యాటరీ ఎక్స్‌చేంజ్ కింద అక్కడే ఉంచేసుకున్నాడు. నాలుగు రోజులు బాగానే కొట్టింది, ఎందుకు కొట్టదు, నిండా చార్జింగ్‌తో వచ్చిన కొత్త బ్యాటరీ ఆయె. తర్వాత మళ్లీ అదే కథ. ఈసారి డైనమో పోయిందన్నాడు, ప్రూఫ్ చూపిస్తానని బండి స్టార్టింగ్‌లో ఉండగా బ్యాటరీ టర్మినల్ పీకాడు. అన్నలూ, మీ బండి మీద ఎవరైనా ఈ నాటకం మొదలుపెడితే చెయ్యి పట్టుకొని ఆపండి. మా బండికి డీజిల్ పంపు మెకానికల్, కరెంటుతో పనిలేదు, ఆపాలంటే నాబ్ లాగాల్సిందే, డైనమో బాగున్నా పోయినా ఇంజన్ ఆగదు, కాబట్టి టర్మినల్ పీకితే తెలిసేది ఏమీ లేదు. పైగా బ్యాటరీ లేకుండా వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి బాగున్న డైనమోలో డయోడ్లు, వోల్టేజీని కంట్రోల్ చేసే కటౌట్ కాలిపోయే ఛాన్స్ ఉంది.

తర్వాత "కొత్త డైనమో" అని ఒకటి బిగించాడు, పాతది మళ్లీ అక్కడే ఉంచుకున్నాడు. మేము ఇంటికొచ్చి టార్చి వేసి చూశాం. బాడీ మీద సిల్వర్ పెయింట్ మెరుస్తా ఉంది, కానీ వెనకాల బోల్టు తలలు పానాలు జారి అరిగిపోయి ఉన్నాయి, ఆ అరుగుళ్ల మీద కూడా పెయింటే, నంబర్ ప్లేటు మీద అక్షరాల్లో కూడా పెయింటే. పుల్లీ గాడిలో మాత్రం పాత బెల్టు గీతలు అలాగే ఉన్నాయి. అంటే ఎవరి బండి నుంచో పీకింది కడిగి, రంగేసి కొత్తదని అమ్మాడన్నమాట. రిపేర్ చేసిన డైనమో తప్పని నేను అనను, చాలా బళ్లు వాటిమీదే నడుస్తున్నాయి, కానీ రిపేర్ దని చెప్పి రిపేర్ రేటుకి ఇవ్వాలిగా!

డబ్బుల కంటే భయపడాల్సింది ఇంకోటుంది. ఈ బళ్లలో డైనమో వెనకాలే వ్యాక్యూమ్ పంపు ఉంటది, బ్రేక్ తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చేది అదే. వాడు వేసినదానికి పంపు వీక్, పెడల్ రాయిలా అయిపోయింది, లోడుతో దిగుడులో అయితే ఏమయ్యేదో. డైనమో మార్పిస్తే షాపు నుంచి కదలకముందే ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగకపోతే బండి తీయొద్దు. ఆ పంపుకి ఇంజన్ ఆయిల్ వెళ్తది కాబట్టి సీలు పోతే ఆయిల్ డైనమో లోపలికి దిగి కార్బన్ బ్రష్‌లు జిడ్డు పట్టి చార్జింగ్ ఆగిపోతది, అలాంటప్పుడు కూడా సీలు, బ్రష్‌లు మారిస్తే చాలాసార్లు సరిపోద్ది, మొత్తం డైనమో అక్కర్లేదు.

చివరికి మా ఊళ్లో పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన, పెద్దాయన, ఏదీ విప్పకుండా మీటర్‌తోనే తేల్చేశాడు. ఇంజన్ స్టార్టింగ్‌లో ఉంచి లైట్లు వేయించి బ్యాటరీ బుడిపెల మీద పెడితే 12.3 వోల్టులు. మామూలుగా అక్కడ 13.8 నుంచి 14.5 దాకా రావాలి. అదే మీటర్ డైనమో వెనక మెయిన్ స్టడ్డు (చార్జింగ్ కేబుల్ బిగించే బోల్టు) మీద పెడితే 14.4. "డైనమో ఇస్తానే ఉంది బాబూ, దారిలో ఎవరో తింటన్నారు" అన్నాడు. ఒక వైరు స్టడ్డు మీద, ఇంకోటి బ్యాటరీ ప్లస్ మీద పెడితే దాదాపు 2 వోల్టులు చూపించింది, ఇక్కడ 0.2, 0.3 దాటకూడదంట. ఎర్త్ వైపు కూడా అలాగే చూశాడు, అది బాగానే ఉంది. కేబుల్ వెంబడి చెయ్యి పెట్టుకుంటా వస్తే ఒకచోట కాలతా ఉంది, స్లీవ్ కోస్తే లోపల లగ్గు పచ్చగా చిలుం పట్టి నాలుగు పోగుల మీద వేలాడతా ఉంది. ఎర్రలైటు సన్నగా వెలిగింది కూడా అందుకే, ఆ బల్బుకి ఒకవైపు డైనమో వోల్టేజీ, ఇంకోవైపు బ్యాటరీ వోల్టేజీ, రెండూ సమానంగా ఉంటేనే పూర్తిగా ఆరుద్ది. కొత్త కేబుల్ ముక్క, లగ్గు, కూలీ అన్నీ కలిపి 400 తీసుకున్నాడు.

మల్టీమీటర్ ఒకటి కొని బండిలో పడేసుకోండి, 300, 400కి వచ్చేది చాలు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే ఫుల్లు, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి పడితే బ్యాటరీ మీద అనుమానపడొచ్చు, కానీ ముందు ఫుల్ చార్జింగ్ పెట్టించాకే ఈ టెస్టు, ఖాళీ బ్యాటరీ ఎలాగూ పడిపోద్ది. స్టార్టింగ్‌లో 15 దాటితే కటౌట్ పోయినట్టు, బ్యాటరీ నీళ్లు మరిగిపోతయ్. తాళం తిప్పగానే ఎర్రలైటు అసలు వెలగకపోతే ముందు ఆ చిన్న బల్బు చూడండి, అది మాడిపోయినా ఈ పాత డైనమోలు కొన్ని చార్జింగ్ మొదలుపెట్టవు.

ఏ పార్టు మార్పించినా పాతది విప్పకముందే నంబర్ ప్లేటు ఫోటో తీసుకొని, పాతది ఇంటికి తెచ్చుకోండి. బ్యాటరీ అయితే వారంటీ కార్డు మీద బండి నంబరు, తేదీ, షాపు స్టాంపు వేయించుకున్నాకే డబ్బులు ఇవ్వండి. మేము పాత డైనమో అడిగితే స్క్రాప్‌లో వెళ్లిపోయిందంటున్నాడు, బ్యాటరీ బిల్లు ఇంకా ఇవ్వలేదు, ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. ప్రస్తుతానికి వాడు వేసిన డైనమోకే పంపు బాగుచేయించాలని చూస్తున్నాం, 207కి వ్యాక్యూమ్ పంపు సీలు కిట్టు గుంటూరులో ఒరిజినల్‌ది ఎక్కడ దొరుకుద్దో తెలిసినోళ్లు చెప్పండి అన్నా.